టిక్కెట్టు చూపిస్తే జాకెట్ ముక్క

మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఆదివారం సాయంత్రం కాలేజీ పిల్లలు చేరి సినిమాలని తిడుతుంటారు. తిట్టడంలో వాళ్ళు చూపించే శ్రద్ధ చదువులో చూపిస్తే వాళ్ళ అమ్మానాన్నలు నాకు ప్రతిరోజూ లిఫ్ట్ దగ్గర గోడు వెళ్ళబోసుకోరు. మొన్న ఒకమ్మాయి, "ఆంటీ, నేను చూసినంత చెత్త సినిమా ఎవరూ చూసుండరు" అంది. ఎంతసేపు చూశావమ్మా అని అడిగాను. "ఫస్ట్ సాంగ్ దాకా. తర్వాత ఫోన్ పక్కన పడేశా" అంది.

మొదటి పాట దాకా చూసి చెత్త అనేస్తే ఎట్టా తల్లీ? చెత్త సినిమా అంటే టిక్కెట్టు కొని, పార్కింగ్‌కి కట్టి, కుర్చీలో నల్లి కుడుతుంటే, పక్కన మొగుడు "ఇంకాసేపు ఆగు, సెకండాఫ్ బాగుంటదేమో" అంటుంటే శుభం కార్డు దాకా కూర్చుని చూసేది. ఆ అర్హత నాకుంది. మా ఆయనకి సినిమా ఏదైనా ఒకటే, చల్లగా హాల్లో కూర్చోవడం ముఖ్యం. అందుకని బెజవాడలో ఏ సినిమా ఎవరూ చూడలేదో ఆ సినిమా మేమిద్దరం చూశాం.

ఒక భక్తి సినిమాలో పాము తాడని చంటిపిల్లలకి కూడా తెలిసిపోయింది. అయినా ఆ సినిమా మొత్తం మీద కాస్త కదలిక ఉన్నది దానికొక్కదానికే. ఇంకోదాంట్లో హీరో ఫస్టాఫ్‌లో చచ్చిపోయి, సెకండాఫ్‌లో అదే చొక్కాతో అదే మీసంతో వచ్చి నేను వేరేవాణ్ణి అంటాడు. కన్నతల్లి కూడా "ఎవరు బాబూ నువ్వు?" అంటుంది. ఒక డబ్బింగ్ సినిమాలో మాట అయిపోయినా విలన్ పెదాలు కదులుతూనే ఉన్నాయి. "పాపం, ఇంకా ఏదో చెప్పాలనుకుంటున్నాడు" అన్నాడు మా ఆయన. నాకు అన్నిటికంటే ఒళ్ళుమండేది మాత్రం నీతి సినిమా. మూడు గంటలు తాగి, తన్ని, తగలబెట్టి చివర్లో కెమెరా వైపు తిరిగి చేతులు జోడించి "తాగకండి" అంటారు చూడండి, అప్పుడు నిజంగా తాగాలనిపిస్తుంది.

చేతకాక తీసిన చెత్తని నేను క్షమిస్తాను. జనం వెర్రివాళ్ళు, ఏది పెట్టినా తింటారు అనుకుని తీసిన చెత్తని క్షమించను. ఇది నా సొంత అభిప్రాయం, మీకు నచ్చకపోతే మెట్ల దగ్గరికి రండి, మాట్లాడుకుందాం.

ఇంతకీ నేను చూసినవాటిలో నంబర్ వన్ చెత్త సినిమా వేరే ఉంది. అందులో నేను కూడా ఉన్నాను.

గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ చీరల షాపులో సేల్స్‌లో చేరి, పై అంతస్తు ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. మాది చేనేత సరుకు. చుట్టుపక్కల ఊళ్ళ షాపులవాళ్ళు, ఇంట్లో పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ళు మా దగ్గరికి వచ్చి మూటలు కట్టించుకుని వెళ్ళేవారు. మా షావుకారు గారి తండ్రి మగ్గం మీద నేసి, తానే భుజాన మూట వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినాయన. కొడుకు దాన్ని మూడంతస్తుల షాపు చేశాడు. మా షావుకారు గారు మంచి మనిషి. జీతం ఎప్పుడూ ఆలస్యం కాలేదు, నోరుజారి ఒక్క మాట అనలేదు. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు కథ. కుర్రతనంలో ఎప్పుడో ఒక కథ అనుకున్నాడట. చీరలు చూపించేటప్పుడు కూడా మధ్యలో ఆ కథ చెప్పేవాడు. పాతికేళ్ళుగా వ్యాపారానికి వచ్చేవాళ్ళకి అది కంఠతా వచ్చు. మొహమాటానికి విని, ఆ మొహమాటంతోనే ఇంకో పది చీరలు కొనేవారు కాబట్టి మేమెవ్వరం అభ్యంతరం పెట్టలేదు.

ఆ కథ వ్యాపారానికి పనికొచ్చినంత కాలం బాగానే ఉంది. ఒకరోజు ఒకాయన డాన్సు ట్రూపుకి పంచెలు కావాలని వచ్చాడు. ఆయన కూడా కథ విన్నాడు. విని, పంచెల సంగతి మర్చిపోయి, లేచి నిలబడి, "సార్, ఇది పాన్ ఇండియా సబ్జెక్టు" అన్నాడు. గల్లాపెట్టె దగ్గరుండే మా ముసలి గుమస్తా గారు నా వైపు చూసి, "అయిపోయిందమ్మా మన పని" అన్నారు మెల్లిగా.

కథేమిటంటే, ఒక చేనేత కుర్రాడి ప్రియురాలు చచ్చిపోతుంది. అతను ఏకధాటిగా కూర్చుని ఒక చీర నేసి ఆమె మీద కప్పితే ఆమె లేచి కూర్చుంటుంది. మధ్యలో విలన్ నూలు దొరక్కుండా చేస్తాడు. అంతే. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేదాన్ని మూడు గంటలు తీశారు.

హీరో గన్నవరంలో విమానం దిగినరోజు షాపుకి సెలవిచ్చి మమ్మల్నందరినీ దండలతో పంపారు. ఆ కుర్రాడు మా చేతుల్లో దండలు చూసి, మమ్మల్నే ఎవరో పెద్దవాళ్ళనుకుని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. అప్పుడే తెలిసింది, ఇతనికి ఇది మొదటి సినిమా అని.

షూటింగ్ కంకిపాడు పక్కన ఒక పల్లెలో పెట్టారు. బట్టలన్నీ మా షాపువే. అసలు తంటా అక్కడే వచ్చింది. షావుకారు గారు కథ రాసినా లోపల ఉన్నది చీరల వ్యాపారే కదా. ఏ సీనులోనైనా హీరోయిన్ ఒకే చీరతో ఎక్కువసేపు కనపడితే ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. "అమ్మాయ్, ఆ నెమలికంఠం రంగుది ఇంకా చూపించలేదు, తీసుకురా" అనేవాడు. నేను తీసుకెళ్ళేదాన్ని. తండ్రి శవం పక్కన కూర్చుని ఏడుస్తూ హీరోయిన్ అయిదు చీరలు మార్చింది. కన్నీళ్ళు మాత్రం అవే. పంచెల కోసం వచ్చినాయనే డైరెక్టరు, అతను కూడా అడ్డు చెప్పలేదు. "కలర్స్ రిచ్‌గా ఉన్నాయి సార్" అన్నాడు.

ఆ శవం చుట్టూ ఏడ్చే ఊరి ఆడవాళ్ళలో నేనొకదాన్ని. ఏడవమన్నారు, ఏడ్చాను. కానీ శవం మీద కప్పిన బట్ట మడత సరిగ్గా లేదు. అంచు ఒక పక్కకి పోయింది. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి ఊరుకోలేదు. ఏడుస్తూనే అంచు సరిచేసి, అరచేత్తో నీటుగా రెండుసార్లు నిమిరాను. అది కూడా సినిమాలో ఉంచేశారు. చూసినవాళ్ళెవరైనా ఆవిడ శవాన్ని అమ్ముతోందనే అనుకుంటారు.

ప్రివ్యూ రోజు షాపు స్టాఫు, నేత కుటుంబాలు, చుట్టాలు, బందరు రోడ్డులో ఉన్న వ్యాపారస్తులు అందరూ వచ్చారు. షావుకారు గారు మాత్రం చూడలేదు. పెళ్ళి చేసే తండ్రికి భోజనానికి కూర్చునే తీరికెక్కడిది? గుమ్మం దగ్గర నిలబడి అందరికీ పన్నీరు చల్లడం, టిఫిన్లు అందాయో లేదో కనుక్కోవడంతోనే సరిపోయింది. ఆట అయ్యాక గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ అడిగాడు. "బ్రహ్మాండం", "ఫొటోగ్రఫీ అదిరింది", "చీరలు మాత్రం సూపరండీ." నన్నూ అడిగాడు. నేనూ బావుందండీ అనే అన్నాను. పన్నీరు చల్లిన చేతుల్ని చూస్తూ ఇంకో మాట ఎవరికి వస్తుంది?

రోహిణి కార్తెలో రిలీజైంది. బయట తారు కరిగిపోతోంది. చల్లదనం కోసమైనా జనం వస్తారనుకున్నాం. మొదటిరోజు మధ్యాహ్నానికి హాళ్ళలో కుర్చీలే మిగిలాయి. డైరెక్టరు ఫోన్ చేసి "స్లో పాయిజన్ సార్, మెల్లిగా ఎక్కుద్ది" అన్నాడట. విషంతో ఎందుకు పోల్చాడో నాకిప్పటికీ అర్థం కాదు, కానీ ఆ మనిషి నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క నిజం అదే.

అప్పుడు మా షావుకారు గారికి ఒక ఆలోచన వచ్చింది. సినిమా వాళ్ళకెవరికీ రాని ఆలోచన. మా వ్యాపారంలో కొత్త రకం చీర కదలకపోతే దానికి జాకెట్ ముక్క ఉచితంగా జత చేస్తాం. చీర కదులుతుంది. చూసినవాళ్ళు ఇంకో నలుగురికి చెబుతారు, తర్వాత ముక్క లేకుండానే పోతుంది. తరతరాలుగా వస్తున్న పద్ధతి. ఆయన దాన్నే సినిమాకి పెట్టాడు. ఆదివారం పొద్దున్నుంచి బెజవాడలో, గన్నవరంలో, కంకిపాడులో ఆటోలకి మైకులు కట్టి తిప్పారు. "మన సినిమా టిక్కెట్టు తీసుకొచ్చి మన షాపులో చూపించండి, చేనేత జాకెట్ ముక్క ఉచితంగా పొందండి!"

టిక్కెట్టు కంటే ముక్క ఖరీదెక్కువ. ఈ సంగతి బెజవాడ ఆడవాళ్ళకి మైకు సందు చివర తిరిగేలోపే అర్థమైంది.

సోమవారం షాపు షట్టర్ తీసేసరికి గుమ్మం దగ్గర్నుంచి ఏలూరు రోడ్డు దాకా లైను. చిరిగిన టిక్కెట్లు గాజుల్లో దోపుకుని, పర్సుల్లో పెట్టుకుని, ఒకావిడైతే మంగళసూత్రానికి పిన్నీసుతో తగిలించుకుని వచ్చారు. ఒకావిడ ఇరవై టిక్కెట్లు తెచ్చి, "మా వీధి వీధంతా చూశామండీ" అంది. హాళ్ళ ముందు హౌస్‌ఫుల్ బోర్డులు పడ్డాయి. ఆ బోర్డుల ఫొటోలు డైరెక్టరు ప్రతి ఆటకీ పంపిస్తుంటే షావుకారు గారు ఫోన్ కళ్ళకద్దుకునేవాడు.

మీరు అడగొచ్చు, ముక్క కోసం వస్తున్నారని ఆయనకి తెలీదా అని. తెలుసు. కానీ ముక్క కోసం వచ్చినవాళ్ళు సినిమా చూస్తున్నారు, చూసి కరిగిపోతున్నారు అని ఆయన నమ్మకం. ఎందుకంటే ముక్కలు ఆయనే స్వయంగా ఇచ్చేవాడు. ఇస్తూ ప్రతి ఒక్కరినీ, "సినిమా ఎట్టా ఉందమ్మా?" అని అడిగేవాడు. చేతిలో కొత్త బట్ట పెడుతున్న మనిషి మొహం మీద బాలేదని అనేంత చెడ్డ ఆడది కృష్ణా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

"ఏడుపొచ్చేసిందండీ బాబూ."

"ఏ సీన్‌లో?"

"చివర్లో, హీరో చచ్చిపోయేటప్పుడు."

ఆ సినిమాలో హీరో చచ్చిపోడు. షావుకారు గారు ఒక క్షణం తికమకపడి, అంతలోనే సర్దుకుని, "చూశావా అమ్మాయ్, ఎంతగా లీనమయ్యారో" అన్నాడు నాతో. మెట్ల మీద దిగుతూ వాళ్ళు మాట్లాడుకునేవి నాకు వినపడేవి. "ఏవే, కథేంటి? నన్నడిగితే ఏం చెప్పాలి?" "చీరలు బాగున్నయ్యను చాలు."

నవ్వుకుంటూనే ఉన్నాం మేమందరం. ఆ నవ్వు వారం తిరక్కుండానే ఆగిపోయింది.

ఈ రోజుల్లో ఏ సినిమా అయినా చివర్లో రెండో భాగం ఉందని కార్డు వేస్తున్నారు కదా, మాదానికీ వేశారు. హౌస్‌ఫుల్ బోర్డులు చూపించి డైరెక్టరు షావుకారు గారిని రెండో భాగానికి ఒప్పించాడు. ఈసారి పెద్ద హీరో, విదేశాల్లో పాటలు. దానికి షాపు బిల్డింగు కాయితాలు తాకట్టు పెట్టాలి. వచ్చే సోమవారం సంతకం. ఇది చాలదన్నట్టు దసరా సరుకు ఆర్డర్ల కోసం వచ్చిన నేత పెద్దమనుషులతో, "ఈసారికి వద్దులేండి, తర్వాత చూద్దాం" అన్నాడు. వాళ్ళు చేతిలో కాఫీ గ్లాసులు అట్టాగే పట్టుకుని నిలబడిపోయారు. దసరాకి మా షాపు ఆర్డరే వాళ్ళకి ఏడాది తిండి.

ఆ సాయంత్రం అమ్మగారు, అంటే షావుకారు గారి భార్య, పైకి నా దగ్గరికి వచ్చింది. ఆవిడ షాపులోకి రావడమే అరుదు.

"నువ్వన్నా చెప్పమ్మా. నేను చెబితే నీకు కళ తెలీదంటన్నారు. మావగారు మోకాళ్ళు అరిగేలా తిరిగి నిలబెట్టిన షాపు. అది పోతే ఈయన బతకరు" అని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ధైర్యం చేసి, "అయ్యగారూ, జనం ముక్క కోసమే టిక్కెట్లు కొంటన్నారండీ, లోపలికి పోవట్లేదంట" అన్నాను. ఆయన నవ్వి, "చీరల్లో నీ మాటకి తిరుగులేదు అమ్మాయ్. సినిమా నీకు తెలీదులే" అన్నాడు. గుమస్తా గారు నన్ను పక్కకి లాగి, "ఆయన ఉప్పు తిన్నాం, ఊరుకో" అన్నారు. ఆయన ఉప్పు తిన్నాను కాబట్టే ఊరుకోలేకపోయాను.

మా వ్యాపారంలో ఒక సూత్రం ఉంది. ట్యూబులైటు కింద ప్రతి చీరా పట్టుచీరే. కొనేవాడు తెలివైనవాడైతే చీర మొత్తం విప్పించి, గుమ్మంలోకి తీసుకెళ్ళి, ఎండలో పట్టి చూస్తాడు. అక్కడ రంగు, నేతలో లోపం, పోగు తెగినచోటు అన్నీ బయటపడతాయి. చీర బాలేదని కొన్నవాడితో వాదించి లాభం లేదు, గుమ్మంలోకి నడిపించాలి అంతే.

శనివారం పొద్దున ఆయన దగ్గరికి వెళ్ళి, "అయ్యగారూ, కంకిపాడులో మ్యాట్నీలు కూడా హౌస్‌ఫుల్లేనట. అంతమంది ఆడవాళ్ళు ఏడుస్తుంటే మీరు ఒక్కసారన్నా కళ్ళారా చూడకపోతే ఎట్టాగండీ?" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. ఇస్త్రీ పంచె, జరీ కండువా వేసుకుని తయారయ్యాడు. ఏడ్చిన ఆడవాళ్ళకి పంచడానికని పెద్ద డబ్బా నిండా లడ్డూలు తెప్పించాడు. డ్రైవరు ముందే వెళ్ళి టిక్కెట్లు తెచ్చి ఉంచాడు. ముగ్గురం బందరు రోడ్డెక్కాం. పోరంకి, పెనమలూరు దాటుతుంటే దారిపొడుగునా మా సినిమా ఫ్లెక్సీలు. ప్రతిదాంట్లోనూ నిర్మాతగా చేతులు జోడించిన షావుకారు గారి బొమ్మ. తలనిండా నల్లటి జుట్టున్న రోజుల్లోది వేయించాడు.

హాలు ముందు హౌస్‌ఫుల్ బోర్డు నిజంగానే ఉంది. ఆయన కారు దిగి, చెప్పులు విడిచి, బోర్డుకి దణ్ణం పెట్టాడు. వెనక్కి తీసుకెళ్ళిపోదామా అనిపించింది.

గేటు దగ్గరి మనిషి మా టిక్కెట్లు తీసుకుని చింపి, సగం ముక్కలు మా చేతిలో పెట్టి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంక వెళ్ళండి" అన్నాడు.

"ఏదీ, జరుగు మరి" అన్నాడు షావుకారు గారు.

"లోపలికి కాదండీ, ఇంటికి. జాకెట్ ముక్క ఇక్కడ ఇవ్వరు. గవర్నర్‌పేటలో ఇస్తారు. ఈ టిక్కెట్టు చూపిస్తే చాలు."

"మేం సినిమా చూడటానికి వచ్చాం."

అతను మమ్మల్ని పైనుంచి కిందకి చూశాడు. ఫ్లెక్సీలో మనిషిని గుర్తుపట్టలేదు. పెద్దాయన మీద జాలిపడి గొంతు తగ్గించాడు. "సినిమా చూడాలని రూలేం లేదండీ. చూడకపోయినా ఇస్తున్నారు. ఆ షావుకారు చాలా మంచోడంట."

నేనే, "మేం చూస్తాం బాబూ, జరుగు" అన్నాను.

"అయితే కాసేపు ఆగండి. ఆపరేటర్ని లేపి, ఏసీ వేయించాలి."

"అంటే ఇప్పటిదాకా ఆట వెయ్యట్లేదా?" అన్నాడు షావుకారు గారు.

"ఎవరన్నా వస్తే వేస్తామండీ" అన్నాడతను, ఏ కల్మషం లేకుండా.

లోపల మేం ముగ్గురమే. అన్ని వందల కుర్చీల్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడ్డాం. షావుకారు గారు సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు. లడ్డూల డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. సినిమా మొదలైంది.

మొదటిసారి ఆయన తన సినిమా చూస్తున్నాడు. నేను తెర వైపు కంటే ఆయన వైపే ఎక్కువ చూశాను. మొదట్లో పెదాలు కదిపాడు, ప్రతి మాటా హీరోకంటే ముందే అనుకుంటూ. తర్వాత పెదాలు ఆగిపోయాయి. శవం సీను వచ్చింది. హీరోయిన్ మొదటి చీర, రెండో చీర, మూడో చీర. డ్రైవరు నోట్లో తన తువ్వాలు కుక్కుకున్నాడు. తెర మీద నేను అంచు సరిచేసి అరచేత్తో నిమురుతున్నాను. ఆ పాడు చెయ్యి తెరంత పెద్దదిగా కనపడింది. భూమి బద్దలై లోపలికి పోతే బాగుండనిపించింది నాకు.

ఇంటర్వెల్లో గేటు మనిషి తలుపు తీసి, "ఉంటారా, వెళ్ళిపోతారా అండీ? వెళ్ళేట్టయితే చెప్పండి, మేం భోజనాలు చేస్తాం" అన్నాడు.

"వెళ్దాం అయ్యగారూ" అన్నాను. నా వల్ల కాలేదు. ఎండలోకి తీసుకొద్దామనుకున్నాను గానీ, ఇంత ఎండ కొడుతుందనుకోలేదు.

ఆయన కదల్లేదు. "మన సరుకు అమ్మాయ్. మనమే మొత్తం విప్పి చూడకపోతే ఇంకెవరు చూస్తారు? వెయ్యమను" అన్నాడు.

సెకండాఫ్ అంతా ఆయన నిటారుగా కూర్చునే చూశాడు. హీరో మగ్గం మీద కూర్చుని నేస్తూనే ఉన్నాడు. ఒకచోట, హీరో చేతులు పడుగు మీద ఆడుతున్న దగ్గర, షావుకారు గారు, "మా నాన్న అట్టాగే వంగేవాడు" అన్నాడు. అది ఎవరితోనో నాకు తెలీదు. ఆ సినిమాకి నిజంగా ఏడ్చిన ఆడమనిషి కృష్ణా జిల్లా మొత్తం మీద నేనొక్కదాన్నే.

చివరికి రెండో భాగం కార్డు పడింది. లైట్లు వెలిగాయి. ఆయన లేచి డబ్బా తీసుకెళ్ళి గేటు మనిషికి, ఆపరేటరుకి, క్యాంటీనతనికి తలా గుప్పెడు లడ్డూలు పెట్టాడు. "ఏం శుభకార్యమండీ?" అని అడిగాడు గేటు మనిషి. "సినిమా చూశాం" అన్నాడాయన.

కారు పెనమలూరు దాకా వచ్చింది. తర్వాత ఆయనే, "చెప్పమ్మా, ఎట్టా ఉంది?" అన్నాడు. ముందుసీటు వెనకవైపు చూస్తూ అడిగాడు, నా మొహం వైపు చూడలేదు.

"చెత్తగా ఉందండీ."

"ఎంత చెత్త?"

"నేను చూసినవాటిలో ఇంతకంటే చెత్తది లేదండి అయ్యగారూ."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. అన్నీ ఆయన ఫ్లెక్సీలే. "నువ్వు చాలా సినిమాలు చూస్తావంట కదా, మీ ఆయనతో కలిసి" అన్నాడు.

"చూస్తానండి."

"అయితే తెలిసే చెబుతున్నావు" అన్నాడు. అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నన్ను తిట్టినా కొంత తేలిగ్గా ఉండేది.

మర్నాడు మైకులు ఆపించాడు. అప్పటికే టిక్కెట్లు తెచ్చినవాళ్ళకి మాత్రం ఆఖరి ముక్క దాకా ఇవ్వమన్నాడు, మాటంటే మాటే అన్నాడు. కానీ సినిమా ఎట్టా ఉందని మళ్ళీ ఎవరినీ అడగలేదు. అలవాటు కొద్దీ ఒకావిడ, "సూపర్ అండీ, ఏడ్చేశాం" అనబోతే, "నాకు తెలుసులేమ్మా, తీసుకెళ్ళు" అన్నాడు. నేత పెద్దమనుషులకి ఫోన్ చేసి దసరా సరుకు ఎప్పటికంటే కాస్త ఎక్కువే చెప్పాడు.

సోమవారం డైరెక్టరు కొత్త చొక్కా వేసుకుని, తాకట్టు కాయితాలు, పెన్ను పట్టుకుని వచ్చాడు. అమ్మగారు మెట్ల మీద నిలబడి చూస్తోంది. మేమందరం చీరలు మడతపెడుతున్నట్టు నటిస్తున్నాం. ఈసారి మా నటన సినిమాలో కంటే బాగుంది.

షావుకారు గారు కాయితాలు తీసుకుని పక్కన పెట్టాడు. "సంతకానికేముందయ్యా, పెడతా. మన సినిమా హాల్లో చూశావా నువ్వు?"

"సార్, నేను ఎడిటింగ్‌లో వందసార్లు..."

"హాల్లో కూర్చుని చూశావా?"

"అంటే... టైమ్ కుదర్లేదు సార్."

"అయితే ఇప్పుడు కుదుర్చుకో. నా కారు ఇస్తా. కంకిపాడులో మ్యాట్నీ వేస్తారు, ఎవరన్నా వస్తే. మొదటి నుంచి చివరి కార్డు దాకా కూర్చుని చూసి రా. నువ్వొచ్చేసరికి సంతకం చేసి ఉంచుతా. నేను చూశాను, నువ్వూ చూడు."

డైరెక్టరు నవ్వబోయాడు. ఎవ్వరూ నవ్వకపోయేసరికి కాయితాలు అక్కడే వదిలేసి కారెక్కాడు.

సాయంత్రం డ్రైవరు ఒక్కడే తిరిగొచ్చాడు. షావుకారు గారు గద్దె మీద నుంచి తలెత్తి చూశాడు.

"ఇంటర్వెల్లో బయటికి వచ్చి సిగరెట్ కాల్చాడండీ. తర్వాత నన్ను బస్‌స్టాప్ ఎటని అడిగాడు. హైదరాబాద్ బస్సు ఇక్కడ ఆగుద్దా అన్నాడు. అంతే, మళ్ళీ కనపళ్ళేదండి."

అమ్మగారు మెట్ల మీదే కూర్చుండిపోయింది. గుమస్తా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. షావుకారు గారు ఆ కాయితాలు తీసి, నిలువునా చింపి, తలాడించాడు.

"ఇంటర్వెల్ దాకా కూర్చున్నాడా? గట్టోడే" అన్నాడు.